ఒకే స్టెంటు, మూడు రేట్లు

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది హాలియా దగ్గర పల్లె. మొన్న ఎండాకాలంలో మా నాయనకు తెల్లవారుజామున ఛాతీలో నొప్పి వచ్చింది. ఊళ్లో ఆర్‌ఎంపీ ఈసీజీ తీయించి, హైదరాబాద్‌లో తనకు తెలిసిన హాస్పిటల్ ఉందని ఫోన్ చేసి, అంబులెన్స్ ఎక్కించాడు. అక్కడ గుండె రక్తనాళంలో ఒక స్టెంటు వేశారు. ముందు ప్యాకేజీ 1,80,000 అన్నారు. డిశ్చార్జి రోజు బిల్లు 2,96,000 అయింది. మాకు రేషన్ కార్డు ఉంది. అడిగితే 'మా దగ్గర ఎముకలకే ఆరోగ్యశ్రీ, గుండెకు లేదు' అన్నారు. అమ్మ పుస్తెలతాడు కుదువ పెట్టి, మిగతాది మిత్తికి తెచ్చి కట్టాం. తర్వాత తెలిసిందేమంటే మా మేనమామకు వేరే హాస్పిటల్‌లో ఇదే స్టెంటు ఆరోగ్యశ్రీలో ఒక్క రూపాయి లేకుండా వేశారు. మా బావ వాళ్ల నాన్నకు కంపెనీ ఇన్సూరెన్స్ ఉంది. ఆయనకైతే ఇన్సూరెన్స్ వాళ్లు 1,60,000 కట్టారట. ఒకే జబ్బు, ఒకే స్టెంటు, మూడు రేట్లు. ఇవి ఎవరు పెడతారు? మేం మోసపోయినట్టేనా? ఇప్పుడు అమ్మకు గాల్ బ్లాడర్‌లో రాళ్లు అంటున్నారు. నల్లగొండలో ఒక హాస్పిటల్ 70,000 అడుగుతోంది. ఏం చేయమంటారు? బిల్లు ఫొటోలు పంపుతున్నాను.
— ఒక పాఠకుడు, నల్లగొండ జిల్లా

జవాబు: తమ్ముడూ, ముందు ఒక్క మాట. నొప్పితో మెలికలు తిరుగుతున్న మనిషిని అంబులెన్స్‌లో పడుకోబెట్టి రేటు బేరమాడలేదని మీరు మిమ్మల్ని తిట్టుకోకండి. అది బేరమాడే టైము కాదు. హాస్పిటల్ వాళ్లకూ ఆ సంగతి తెలుసు.

నేను డాక్టర్ను కాను. పదహారేళ్లు హాస్పిటల్ బిల్లింగ్ కౌంటర్లలో కూర్చున్నవాణ్ణి. కొన్నాళ్లు నల్లగొండలో, ఎక్కువ కాలం హైదరాబాద్‌లో. కాబట్టి గాజు పలకకు అవతలి వైపు ఏం కనిపిస్తుందో చెబుతాను.

పేషెంట్ రాగానే కంప్యూటర్‌లో పేరు కొడతాం. ఆ తర్వాత వయసు, ఊరు, ఫోన్ నంబరు. దాని కింద 'పేయర్' అని ఒక గడి ఉంటుంది. అంటే పైసలు ఎవరు కడుతున్నారని. అక్కడ నొక్కితే ఒక జాబితా జారుతుంది: ఆరోగ్యశ్రీ, ఉద్యోగుల హెల్త్ స్కీము, ఈఎస్‌ఐ, ఒక్కో ఇన్సూరెన్స్ కంపెనీ పేరు, ఒప్పందమున్న ఫ్యాక్టరీల పేర్లు. అన్నింటికీ చివర 'సెల్ఫ్'. అందులో ఏది ఎంచుకుంటే దాని రేట్ల పట్టిక తెర మీదికి వస్తుంది. యాంజియోప్లాస్టీ (స్టెంటు వేసే చికిత్స) అదే, డాక్టర్ అదే, క్యాథ్‌ల్యాబ్ (అది చేసే గది) అదే. అంకె మాత్రం మారిపోతుంది. దాని పక్కన ఇంకో గడి ఉంటుంది: జనరల్ వార్డా, షేరింగా, సింగిల్ రూమా అని. సెల్ఫ్‌లో సింగిల్ రూము నొక్కితే గది కిరాయి ఒక్కటే పెరగదు. డాక్టర్ ఫీజు పెరుగుతుంది, ఆపరేషన్ థియేటర్ చార్జి పెరుగుతుంది, చాలాచోట్ల రక్తపరీక్ష రేటు కూడా పెరుగుతుంది. రక్తం అదే సీసాలో, అదే మిషన్‌లోకి పోతుంది. కొత్తగా చేరినప్పుడు ఇది చూసి నేను మా సీనియర్‌ను అడిగాను. 'పేషెంట్ స్తోమత అక్కడ తెలుస్తుంది కదా' అన్నాడు. అంతకు మించి వివరం పదహారేళ్లలో ఎవరూ చెప్పలేదు.

మీ ప్రశ్నకు అసలు జవాబు ఆ గడిలోనే ఉంది. మన దగ్గర రేటు జబ్బును బట్టి కన్నా కట్టేవాణ్ణి బట్టి ఎక్కువ మారుతుంది. మీ మేనమామ తరఫున సర్కారు బేరమాడింది. బావ వాళ్ల నాన్న తరఫున ఇన్సూరెన్స్ కంపెనీ బేరమాడింది. మీ నాయన తరఫున బేరమాడినవాళ్లు ఎవరూ లేరు.

ముగ్గురివీ విడివిడిగా చూద్దాం.

ఆరోగ్యశ్రీ మొదలైంది మన పక్క జిల్లాలోనే. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ముందుగా పెట్టారు. వలసలూ కరువూ ఎక్కువున్న జిల్లాలని వాటిని ఎంచుకున్నారు. అంతకు ముందు గుండె ఆపరేషన్ అంటే ముఖ్యమంత్రి సహాయనిధి కాగితం పట్టుకుని హైదరాబాద్ చుట్టూ తిరగడమే. పాలమూరు నుంచి బొంబాయికి మట్టి పనికి పోయినవాళ్లు రోగంతో తిరిగొచ్చి, బస్టాండ్‌లో పడుకుని, ఆ కాగితం కోసం ఎదురుచూసిన రోజులు పెద్దవాళ్లనడిగితే చెబుతారు. మొదట ఇన్సూరెన్స్ కంపెనీ ద్వారా నడిపారు, తర్వాత సర్కారు పెట్టిన ఆరోగ్యశ్రీ ట్రస్టే నేరుగా కట్టడం మొదలుపెట్టింది. తెలంగాణలో కుటుంబానికి ఏడాదికి 5 లక్షలుండే పరిమితిని 2023 డిసెంబర్ 9 నుంచి 10 లక్షలు చేశారు. 2024లో చాలా చికిత్సల రేట్లు పెంచారు, కొత్త చికిత్సలు కలిపారు.

ఇందులో హాస్పిటల్‌కు డబ్బు వచ్చేది ప్యాకేజీగా. ఒక చికిత్సకు ఒక అంకె. పడక, నర్సులు, సర్జన్, మత్తు డాక్టర్, మందులు, పరీక్షలు, లోపల వేసే స్టెంటు, పేషెంట్ భోజనం, ఇంటికి పోయే చార్జీలు అన్నీ ఆ అంకెలోనే. హాస్పిటల్‌లో ఆరోగ్యమిత్ర (ఈ స్కీము పేషెంట్లకు సాయం చేసే మనిషి) కౌంటర్ ఉంటుంది. అక్కడ కార్డు చూపిస్తే పేరు ఎక్కిస్తారు. యాంజియోగ్రామ్ సీడీ, ఈసీజీ, ఫొటో ట్రస్టుకు పంపుతారు. అక్కడి డాక్టర్లు చూసి ఒప్పుకుంటే చికిత్స మొదలు. ప్రాణం మీదికొస్తే ఫోన్‌లోనే ముందు అనుమతి తీసుకుంటారు. డిశ్చార్జి అయ్యాక బిల్లు పెడతారు. ఇంతవరకు బాగానే ఉంటుంది. చిక్కంతా ఆ తర్వాతే. అంకె హాస్పిటల్ పెట్టింది కాదు, వచ్చేది నెల తర్వాతో ఆర్నెల్ల తర్వాతో. 2025 సెప్టెంబర్‌లో బకాయిలు ఇవ్వలేదని నెట్‌వర్క్ హాస్పిటళ్లు కొద్దిరోజులు ఆరోగ్యశ్రీ సేవలే ఆపేశాయి. చిన్న ఊళ్లో నర్సింగ్ హోమ్ నడిపే డాక్టర్‌కు నెల మొదట్లో నర్సుల జీతాలు, ఆక్సిజన్ బిల్లు, మిషన్ల కిస్తీ కట్టాలి. సర్కారు పైసలు ఎప్పుడొస్తాయో తెలియనప్పుడు ఆయన ఏం చేస్తాడు? చేతికి వెంటనే డబ్బిచ్చేవాడి మీద వేస్తాడు. ఆ ఇచ్చేవాడు మీరు.

ప్యాకేజీ పద్ధతికీ దాని జబ్బు దానికుంది. కేసుకింతని ఇస్తే కేసులు పెరుగుతాయి. ఉమ్మడి రాష్ట్రంలో ఒక దశలో గర్భసంచి తీసేసే ఆపరేషన్లు ఎంత పెరిగాయంటే, చిన్న వయసు ఆడవాళ్లకు కూడా అవసరం లేకుండా చేస్తున్నారని గోల లేచి, వాటిని ప్రభుత్వ దవాఖానాలకే పరిమితం చేయాల్సి వచ్చింది. కాబట్టి ఆరోగ్యశ్రీ మంచిదీ ప్రైవేటు చెడ్డదీ అని నేను చెప్పడం లేదు. డబ్బు ఎటు నుంచి వస్తే వైద్యం అటు వంగుతుంది. అది ఏ వైపు వంగుతోందో పేషెంట్ కూడా చూసుకోవాలి.

'గుండెకు లేదు, ఎముకలకే ఉంది' అన్నమాట అబద్ధం కాకపోవచ్చు. హాస్పిటల్‌ను ఆరోగ్యశ్రీలో చేర్చుకునేది విభాగాలవారీగా. ఎముకలకు ఉండి గుండెకు లేని హాస్పిటళ్లు ఉన్నాయి. గేటు మీద మాత్రం 'ఇచ్చట ఆరోగ్యశ్రీ కలదు' అని పెద్ద బోర్డు ఉంటుంది, ఏ విభాగానికో దాని మీద ఉండదు. 104కు ఫోన్ చేస్తే ఏ హాస్పిటల్‌లో దేనికి ఉందో చెబుతారు. ఆ ఫోన్ అంబులెన్స్ కదలకముందే చేయాలి. చేయాల్సింది మీ ఆర్‌ఎంపీ. ఆయన చేసింది మరో ఫోన్.

ఆ ఫోన్ గురించి కొంచెం చెప్పాలి. నేను పనిచేసిన ఒక చోట ప్రతి నెలా మొదటి వారంలో ఒక కవర్ల కట్ట తయారయ్యేది. పేషెంట్‌ను ఎవరు పంపారో అడ్మిషన్ ఫారంలో రాసే గడి ఒకటుంటుంది. 'రెఫర్డ్ బై' అంటారు. నెలాఖరున ఆ గడి ప్రకారం లెక్క తీసేవాళ్లం. పీఆర్వో ఆ కవర్లు బైక్ బ్యాగులో వేసుకుని సాగర్ రోడ్డు, దేవరకొండ రోడ్డు పట్టుకుని పోయేవాడు. పేషెంట్‌ను పంపినందుకు డాక్టర్లు కమీషన్ తీసుకోవడం, ఇవ్వడం వైద్య మండలి 2002 నియమావళి ప్రకారం తప్పు. అయినా నడుస్తుంది. ఆ కవర్ ఖర్చు ఏ లైను కింద బిల్లులో కనిపించదు, కానీ బిల్లులోనే ఉంటుంది. మీ ఆర్‌ఎంపీ తీసుకున్నాడని నేను అనడం లేదు. ఊళ్లో అర్ధరాత్రి తలుపు తీసేది ఆయనొక్కడే, ఆ సంగతీ నాకు తెలుసు. ఈసారి మాత్రం ఎక్కడికి పంపుతున్నాడో, ఎందుకు అక్కడికే పంపుతున్నాడో అడగండి.

ఇక ఇన్సూరెన్స్. ప్రతి కంపెనీ హాస్పిటల్‌తో ముందే రేట్ల ఒప్పందం చేసుకుంటుంది. మా దగ్గరికి పేషెంట్లను పంపుతాం, ఇంతకే చేయాలి అంటుంది. అందుకే బావ వాళ్ల నాన్నకు 1,60,000తో అయిపోయింది. కానీ ఇందులోనూ ఒక మడత పేచీ ఉంది. పాలసీలో గది కిరాయికి పరిమితి ఉంటే, అంతకు మించిన గది తీసుకున్నప్పుడు గది తేడా ఒక్కటే కాదు, డాక్టర్ ఫీజు, థియేటర్ చార్జి కూడా అదే నిష్పత్తిలో కోస్తారు. పైన చెప్పిన రెండో గడి గుర్తుందా, అందుకే. బావకు ఈ ముక్క చెప్పండి. 2024లో ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఇచ్చిన ఆదేశం ప్రకారం క్యాష్‌లెస్ (పేషెంట్ బదులు ఇన్సూరెన్స్ కంపెనీయే నేరుగా హాస్పిటల్‌కు కట్టే పద్ధతి) అనుమతి గంటలో, డిశ్చార్జి అనుమతి మూడు గంటల్లో రావాలి. 'ఇన్సూరెన్స్ వాళ్లు ఇంకా చెప్పలేదు' అని సాయంత్రం దాకా కూర్చోబెడితే ఈ మాట అనొచ్చు.

మిగిలింది సెల్ఫ్. ఈ రేటు ఎలా పుడుతుందో నేను ఒకసారి కళ్లారా చూశాను. కొత్త సంవత్సరం ముందు రేట్లు మార్చాలని యజమాని డాక్టర్ మీటింగు పెట్టారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక నలుగురం కూర్చున్నాం. స్టెంటు వేయడానికి మాకు నిజంగా ఎంత ఖర్చవుతుందన్న లెక్క ఆ టేబుల్ మీద లేదు. ఉన్నదేమిటంటే, అదే రోడ్డులో ఉన్న మూడు హాస్పిటళ్ల రేట్ల కాగితాలు. ఎవరో పేషెంట్ బంధువుల ద్వారా తెప్పించినవి. 'వాళ్లు ఇంత తీసుకుంటున్నారు, మనం ఐదు వేలు తక్కువ పెడదాం' అన్నారు. అకౌంటెంట్ తలెత్తి, 'ఆరోగ్యశ్రీ బకాయిలు పెరిగాయి సార్' అన్నాడు. ఐదు వేలు తక్కువ కాస్తా రెండు వేలు ఎక్కువయింది. టీ వచ్చింది. తర్వాతి ఐటమ్‌కు పోయాం.

వ్యాపారంలో ఇది వింతేం కాదు. హాలియా సెంటర్‌లో ఎరువుల కొట్టువాడూ పక్క కొట్టు చూసే రేటు చెబుతాడు. తేడా ఏమిటంటే ఎరువు నచ్చకపోతే పక్క కొట్టుకు పోతాం. క్యాథ్‌ల్యాబ్ టేబుల్ మీద నుంచి లేచి పక్క హాస్పిటల్‌కు పోలేం.

మరి సర్కారు ఈ సెల్ఫ్ రేటుకు హద్దు పెట్టలేదా అంటే, పెట్టే చట్టం ఉంది. 2010 నాటి క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టాన్ని తెలంగాణ కూడా తీసుకుంది. దాని నియమాల ప్రకారం ప్రతి హాస్పిటల్ తన రేట్లను ఇంగ్లిష్‌లో, స్థానిక భాషలో కనిపించేలా పెట్టాలి. కేంద్రం నిర్ణయించిన రేట్ల హద్దుల్లోనే తీసుకోవాలని కూడా రాశారు. ఆ హద్దులే ఏళ్ల తరబడి నిర్ణయించలేదు. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇదే విషయం మీద కేంద్రాన్ని గట్టిగా మందలించింది. తలచుకుంటే పెట్టగలరని కరోనా కాలంలో చూశాం. 2020 జూన్‌లో మన రాష్ట్రంలో ప్రైవేటుకు ఐసొలేషన్ వార్డు రోజుకు 4,000, ఐసీయూ 7,500, వెంటిలేటర్ ఉంటే 9,000 అని జీవో ఇచ్చారు. మందులూ కిట్లూ వేరే అంటూ ఎన్ని హాస్పిటళ్లు ఆ జీవో పక్క నుంచి నడిచాయో అది వేరే కథ.

స్టెంటుకు మాత్రం నిజంగానే హద్దు ఉంది. 2017 ఫిబ్రవరిలో జాతీయ ఔషధ ధరల సంస్థ మందు పూసిన స్టెంటు ధరను 29,600కు దించింది. అంతకు ముందు సగటున లక్షా ఇరవై వేల దాకా ఉండేది. ఏటా కొంచెం సవరిస్తుంటారు, 2025లో 38,000 చిల్లర, పైన జీఎస్టీ. స్టెంటును బిల్లులో విడిగా చూపించాలి, కంపెనీ పేరు, బ్రాండ్ పేరు, బ్యాచ్ నంబరు రాయాలి అన్నది కూడా ఆ ఆదేశంలోనే ఉంది.

ఇప్పుడు మీ బిల్లు తీస్తున్నాను.

ప్యాకేజీ 1,80,000. దాని మీద పెరిగింది 1,16,000. ఆ పెరిగినదాన్ని విడదీస్తే: అదనపు ఐసీయూ రెండు రోజులు 28,000, ఫార్మసీ 47,000, మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరిచే బెలూన్లు 22,000, పరీక్షలు 11,500, వేరే డాక్టర్లు వచ్చి చూసినందుకు 7,500.

అదనపు ఐసీయూ ఎందుకో డిశ్చార్జి సమ్మరీలో ఉండాలి. రెండో రోజు బీపీ పడిపోయిందని అందులో రాశారు, కాబట్టి దాన్ని నేను తప్పు పట్టను. బెలూన్ల దగ్గర ఆగాను. స్టెంటు ధర తగ్గించాక చాలామంది చూపు బెలూన్లు, వైర్ల మీదికి మళ్లింది, ఎందుకంటే స్టెంటుకు పెట్టినట్టు వాటికి హద్దు పెట్టలేదు. బెలూన్ లేకుండా మామూలుగా స్టెంటు వేయరు. మరి ప్యాకేజీలో ఉన్నది ఏమిటి, బయట వేసింది ఏమిటి? ఇది రాతపూర్వకంగా అడగాల్సిన ప్రశ్న.

ఫార్మసీ బిల్లు మూడో పేజీ చూడండి. నాలుగు రోజులకు గ్లౌజులు 62 జతలు. నా పదహారేళ్లలో ఒక స్టెంటు పేషెంట్‌కు ఇన్ని చూడలేదు. దానికన్నా ముఖ్యమైనది, ఆ నాలుగు పేజీల్లో 'రిటర్న్' అన్న లైను ఒక్కటీ లేదు. వార్డుకు మందులు ఎప్పుడూ అవసరానికి మించే తెప్పిస్తారు. వాడనివి డిశ్చార్జికి ముందు నర్సు వెనక్కి పంపాలి, ఆ డబ్బు బిల్లులో తగ్గాలి. రిటర్న్ లేని ఫార్మసీ బిల్లు అంటే తెప్పించిన ప్రతి సూదీ మీ నాయనకే గుచ్చారన్నమాట. నమ్మశక్యంగా లేదు. హాస్పిటల్ ఫార్మసీకి ఎమ్మార్పీ కన్నా ఎంతో తక్కువకు సరుకు వస్తుంది. 2018లో అదే ధరల సంస్థ ఢిల్లీ పరిసరాల హాస్పిటళ్ల బిల్లులు తీసి చూస్తే లాభం కొన్నింటి మీద 1,737 శాతం దాకా తేలింది. ఎమ్మార్పీ దాటలేదు కదా అంటారు. ఎమ్మార్పీ వేయించింది ఎవరని మనం అడగం.

ఇక మీ బిల్లులో స్టెంటు పేరు ఎక్కడా లేదు. 'యాంజియోప్లాస్టీ ప్యాకేజీ' అని ఒక్క లైను. ఇది కుదరదు. స్టెంటు డబ్బా మీద స్టిక్కర్లుంటాయి, ఒకటి కేస్ షీటుకు అంటిస్తారు. ఆ స్టిక్కర్ కాపీ అడిగి తీసుకోండి. బిల్లు సంగతి అటుంచినా నాయన ఒంట్లో ఏ కంపెనీ వస్తువుందో ఇంట్లో కాగితం ఉండాలి.

కాబట్టి 'మోసపోయామా' అన్నదానికి నా లెక్క ఇది. 1,80,000 ఎక్కువే, కానీ దాన్ని మోసమనలేం, మీరు ఒప్పుకున్న రేటు. బెలూన్లు, ఫార్మసీ, స్టెంటు లైను మాత్రం హాస్పిటల్ జవాబు చెప్పాల్సినవి.

హాస్పిటల్ మెడికల్ సూపరింటెండెంట్ పేరు మీద ఒక పేజీ ఉత్తరం రాయండి. తిట్లు వద్దు, మూడే ప్రశ్నలు. రోజువారీ వివరాలతో బిల్లు, మందుల రిటర్న్ లెక్క, స్టెంటు బ్యాచ్ నంబరు. రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచండి. సగం కేసుల్లో ఇక్కడే ఫోన్ వస్తుంది, 'ఒకసారి వచ్చి కలవండి' అంటారు. పోండి. కానీ ఏమిచ్చినా కాగితం మీదే తీసుకోండి. జవాబు రాకపోతే హాస్పిటల్ ఏ జిల్లాలో ఉంటే ఆ జిల్లా వైద్యాధికారికి ఫిర్యాదు.

దాని పైన వినియోగదారుల కమిషన్. వైద్యసేవ కూడా వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. 2019 చట్టంతో మీకు రెండు వెసులుబాట్లు దొరికాయి. హాస్పిటల్ హైదరాబాద్‌లో ఉన్నా కేసు మీ జిల్లా కమిషన్‌లో, అంటే నల్లగొండలోనే వేయొచ్చు. 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు. రెండేళ్లలోపు వేయాలి. ఇంకో సంగతి, మాట్లాడుకున్న ధర కన్నా ఎక్కువ తీసుకోవడం ఆ చట్టం ప్రకారం ఫిర్యాదుకు కారణమే. మీ దగ్గర 1,80,000 అని రాసిచ్చిన కాగితం ఉందా? ఫొటోల్లో కనిపించలేదు. అడ్మిషన్ రోజు కౌన్సెలింగ్ అని ఒక గదిలో కూర్చోబెట్టి ఏదో ఫారం మీద సంతకం పెట్టించి ఉంటారు. దాని కాపీ కూడా ఉత్తరంలో అడగండి.

కట్టిన డబ్బును ఆరోగ్యశ్రీ తర్వాత తిరిగి ఇవ్వదు. ఆ ఆశ పెట్టుకుని తిరగొద్దు. ఉన్న దారి ముఖ్యమంత్రి సహాయనిధి. ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ, రేషన్ కార్డు, ఆధార్, బ్యాంకు పుస్తకం జిరాక్సుతో మీ ఎమ్మెల్యే క్యాంపు ఆఫీసుకు పోండి, అక్కడ ఆన్‌లైన్ చేస్తారు. కట్టినదంతా రాదు, కొంత వస్తుంది. ఒరిజినళ్లు ఇచ్చే ముందు ప్రతి పేజీ కలర్ జిరాక్సు తీసి పెట్టుకోండి, కమిషన్‌లో కేసుకు అవసరపడతాయి. ఇవ్వడం ఆలస్యం చేయకండి. మధ్యవర్తి ఎవరైనా ఇంత శాతం ఇస్తే పని చేయిస్తానంటే దణ్ణం పెట్టి బయటికి రండి.

ఈ గొడవలో ఒకటి మరచిపోకండి. స్టెంటు వేసినవాళ్లు రక్తం పలచబడే మందులు డాక్టర్ చెప్పకుండా ఒక్కరోజు కూడా ఆపకూడదు. అప్పుల్లో ఉన్న ఇళ్లలో ముందు ఆగేవి ఆ గోళీలే, నేను చూశాను. ఖరీదనిపిస్తే డాక్టర్‌నడిగి అవే మందులు జన్ ఔషధి దుకాణంలో తీసుకోండి, చాలా తేడా ఉంటుంది.

ఇక అమ్మ సంగతి. ఇక్కడ మీ చేతిలో నాయన విషయంలో లేనిది ఒకటుంది, టైము. తీవ్రమైన నొప్పి, జ్వరం, కళ్లు పచ్చబడటం లాంటివి ఉంటే ఈ ఉత్తరం పక్కన పెట్టి వెంటనే తీసుకెళ్లండి. అవి లేకపోతే వారం రోజులు నాలుగు చోట్ల అడిగే వీలుంది.

మొదట నల్లగొండ పెద్దదవాఖాన. మీ ముఖంలో మార్పు నాకు ఇక్కడికి కనిపిస్తోంది. 2019 నుంచి అది మెడికల్ కాలేజీ దవాఖాన, సర్జరీ ప్రొఫెసర్లు ఉంటారు. సర్కారు దవాఖానకు బడ్జెట్ నుంచి జీతాలు, మందులు వస్తాయి. దాంతోపాటు ఆరోగ్యశ్రీ కేసు చేస్తే ఆ ప్యాకేజీ డబ్బు కూడా వస్తుంది, అందులో కొంత చేసిన డాక్టర్లకు, సిబ్బందికి ప్రోత్సాహకంగా పోతుంది. అంటే మీ కార్డు వాళ్లకు కూడా విలువైనదే. సర్జరీ ఓపీలో చూపించి, కెమెరా ఆపరేషన్ చేస్తారా, ఎన్నాళ్లకు తేదీ ఇస్తారో అడగండి. అదే ప్రాంగణంలో ఆరోగ్యమిత్ర ఉంటారు. అమ్మ ఆపరేషన్ ఏ ప్యాకేజీ కిందికి వస్తుందో, ప్రైవేటులో అయితే ఏ హాస్పిటల్‌లో కుదురుతుందో ఆయన చెబుతారు. వెయిటింగు మరీ ఎక్కువైతే బీబీనగర్ ఎయిమ్స్, నార్కట్‌పల్లి వైపు మెడికల్ కాలేజీ హాస్పిటల్ కూడా మీకు అందుబాటులోనే ఉన్నాయి.

ఆ 70,000 హాస్పిటల్‌కే పోవాలనుకుంటే, అదీ తప్పు కాదు, మంచి సర్జన్ అని పేరుండొచ్చు. కానీ ఈసారి కౌన్సెలింగ్ గదిలో మీరే అడగాలి. ఈ 70,000లో మత్తు డాక్టర్ ఉన్నాడా? మందులు ఉన్నాయా, బయటా? బయాప్సీకి వేరేనా? ఎన్ని రోజుల పడక? కెమెరాతో మొదలుపెట్టి మధ్యలో కోసి చేయాల్సి వస్తే ఎంత? చివరి ప్రశ్న మరీ ముఖ్యం, చాలామంది అడగరు. జవాబులు లెటర్‌హెడ్ మీద రాయించి, సంతకం, స్టాంపు వేయించండి. రాయమంటే నసిగితే అదే జవాబు. గది జనరల్ వార్డే తీసుకోండి. రేట్ల బోర్డు ఎక్కడుందో రిసెప్షన్‌లో అడగండి, ఫోన్‌తో ఫొటో తీయండి. అడ్మిషన్ ఫారంలో 'రెఫర్డ్ బై' దగ్గర 'సొంతంగా వచ్చాం' అని రాసి, రేటు ఇంకోసారి అడిగి చూడండి. ఒక్కోసారి తగ్గుతుంది.

సోమవారం ఓపీ జనంతో నిండిపోతుంది. మంగళవారం పొద్దున హాలియా నుంచి మొదటి బస్సుకు బయలుదేరండి. స్కాన్ రిపోర్టుతోపాటు ఫిల్మ్ కూడా పెట్టుకోండి. రేషన్ కార్డు, ఆధార్ ఒరిజినల్స్ కావాలి. అమ్మను ఏమీ తినకుండా తీసుకెళ్లండి, మళ్లీ స్కాన్ రాసినా అదే రోజు అయిపోతుంది. ఆమెకు షుగర్ ఉంటే మాత్రం ఖాళీ కడుపుతో అంతసేపు ఉంచొద్దు, సంచిలో రెండు ఇడ్లీలు పెట్టుకోండి.